నేరేడుపొడి, రెండు మైళ్ళ నడక, ఒక కాలివేలు

మా బంధువుల అమ్మాయి ఒకతె డాక్టరు చదువు ముగించి చక్కెర జబ్బు వైద్యంలోకి దిగుతోంది. మొన్న నన్ను చూడడానికి వచ్చి, "మీ కాలంలో ఈ మాత్రలు లేవు, సూదిమందు దొరికేది కాదు. మరి ఏం పెట్టి వైద్యం చేసేవారు తాతా?" అని అడిగింది. "నడిపించేవాళ్ళం, పొడి తినిపించేవాళ్ళం" అన్నాను. నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నచ్చకపోయినా, ఆమె నవ్విన దానిలో సగం న్యాయం ఉంది. ఆ సగం ఏదో, మిగతా సగం ఏదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను ఎప్పుడు చేరాను, ఎప్పుడు పెద్ద డాక్టరునయ్యాను, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు అనేవి ఇందులో ఉండవు. అవి నాకే సరిగా గుర్తులేవు. గుర్తున్నవి మనుషులు. వాళ్ళలోనూ నేను బాగు చేసినవాళ్ళకంటే పాడు చేసినవాళ్ళే ఎక్కువ గుర్తున్నారు.

నీలి మందు

పందొమ్మిది వందల నలభైలలో మా రోగులు జబ్బు పేరు చెప్పుకుంటూ వచ్చేవాళ్ళు కాదు. "ఒంటికి పోయిన చోట చీమలు పడతాండాయి" అని వచ్చేవాళ్ళు. చదువుకున్నవాళ్ళు మధుమేహం అనేవాళ్ళు, బజారులో అతిమూత్రం అనేవాళ్ళు. ఇప్పుడు ఒకటో రకం, రెండో రకం అని వేరు చేస్తున్నారు. మేమూ వేరు చేసేవాళ్ళం, కాకపోతే కళ్ళతో చూసి. వయసులో ఉండి, బక్కచిక్కి, గంటకోసారి నీళ్ళడిగే మనిషి వస్తే ఇన్సులిన్ సూదిమందు తప్ప మరేదీ పనికిరాదు. అది దొరక్కపోతే ఆ మనిషి దక్కడు. నలభై దాటి, బొజ్జ పెరిగి, కూర్చుని పనిచేసే మనిషి వస్తే అతని చేత చాలా చేయించవచ్చు. నేను రాసేది ఈ రెండో మనిషి గురించే.

పరీక్ష అంటే ఒక గాజు గొట్టం, స్పిరిటు దీపం, నీలి మందు. మందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం. పసుపు, నారింజ అయితే ఎక్కువ. ఇటుక రంగు అడుగున పేరుకుంటే ఇక ఇంట్లోవాళ్ళను పిలవాలి. యుద్ధం రోజుల్లో స్పిరిటు కూడా కరువే. ఇంటింటికీ చక్కెర రేషను పెట్టినారు గానీ ఒంట్లో చక్కెరకు రేషను పెట్టేవాడు లేడని మా పెద్దాయన నవ్వేవాడు.

రోజు పొట్లం రోజే

పెద్దాయన అంటే నంద్యాలలో నాకు పని నేర్పిన డాక్టరు. ఎల్.ఎం.పి. అనే డాక్టరు చదువు ముగించి నేరుగా ఆయన దగ్గర చేరాను. పేరు రాయను, రాస్తే ఆయనకు కోపం వచ్చేది. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎవరినీ కూర్చోమనేవాడు కాదు. "కూర్చొనే గదా తెచ్చుకున్నారు ఈ జబ్బు" అనేవాడు.

ఆయన ఒక పొడి చేయించేవాడు. ఎండబెట్టి దంచిన నేరేడు గింజలు, వేయించని మెంతులు, నల్లమల నుంచి చెంచులు తెచ్చే పొడపత్రి ఆకు. మూడూ కలిపి పొట్లాలు కట్టించి, ఆ పొట్లాలు తన దగ్గర పెట్టుకునేవాడు కాదు. ఊరికి రెండు మైళ్ళ అవతల, రైలు కట్ట దాటినాక ఒక తోటలో పెట్టించేవాడు. ఒక రోజుకు ఒక పొట్లమే. మరుసటి రోజు పొట్లం కావాలంటే మరుసటి రోజు నడవాలి.

నాకది మోసమనిపించింది. కొత్త నెత్తురు కదా, ఒక రోజు అడిగేశాను.

"పొడి పని చేస్తుందా, నడక పని చేస్తుందా సార్?"

"రెండూ చేస్తాయి. ఏది ఎంత అని నన్నడగొద్దు, నాకు తెలియదు. ఊరికే నడవమంటే ఎవడన్నా నడస్తాడా? మందు కోసమంటే కాశీకన్నా పోతాడు. నేను మందు పొట్లం కట్టిస్తాండానా, నడక పొట్లం కట్టిస్తాండానా అనేది నీకెందుకు? గొట్టం రంగు చూడు."

బుడ్డల వ్యాపారం, అంటే వేరుశనగల వ్యాపారం చేసే శెట్టి ఒకాయన ఉండేవాడు, మంచి భారీ మనిషి. రెండు నెలలు పొడి తిన్నాడు, గొట్టం నారింజ రంగు దిగలేదు. మా పెద్దాయన తోటకు పోయి విచారించాడు. రోజూ వచ్చేది శెట్టి కాదు, ఆయన గుమాస్తా. నలభై అయిదేళ్ళ గుమాస్తా రెండు నెలలు నాలుగేసి మైళ్ళు నడిచి, నడుము సన్నబడి, కొత్త పెళ్ళికొడుకులా తయారయ్యాడు. శెట్టి ఎక్కడివాడు అక్కడే. అప్పటినుంచి తోటలోనే, తోటమాలి ఎదుటే పొడి నోట్లో వేసుకుని నీళ్ళు తాగాలని పెద్దాయన కట్టడి చేశాడు. శెట్టి తిట్టుకుంటూ నడిచాడు. మూడో నెలకు గొట్టం ఆకుపచ్చకు వచ్చింది.

ఇది ఆ డాక్టరమ్మాయి నవ్వకూడని సగం. కూర్చుని తినే మనిషి రోజూ నాలుగు మైళ్ళు నడిచి, తిండి తగ్గించి, మెంతులో నేరేడు గింజలో తీసుకుంటే చాలామందికి చక్కెర దిగింది. నా కళ్ళతో చూశాను. పొడి ఒక్కటే తిని కూర్చున్నవాళ్ళకు దిగడం నేను చూడలేదు. పొడి ఉందిగదా అని సూదిమందు మానుకున్నవాళ్ళు నాశనమవడం మాత్రం చూశాను. ఈ మూడు మాటలూ కలిపే చదవాలి. మొదటి మాట ఒక్కటే పట్టుకుని ఊరంతా ప్రచారం చేసే వైద్యులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఆళ్ళగడ్డలో

రెండేళ్ళ తర్వాత నన్ను ఆళ్ళగడ్డ ఆస్పత్రికి వేశారు. అప్పటికి బొగ్గు బస్సులు. వెనక బొగ్గు కొలిమి కట్టుకుని పొగ వదులుతూ పోయేవి. ఎత్తు వస్తే అందరం దిగి తోసేవాళ్ళం. బస్సు ప్రయాణం కూడా మన వైద్యంలో భాగమేనని పెద్దాయనకు జాబు రాశాను.

వెళ్ళిన కొత్తలో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. కలుపు పనికి పోయే ఒక ఆమెకు, మా క్రైస్తవుల పేటలోనే ఉండే మనిషికి, గొట్టం పసుపు రంగు వచ్చింది. నేను ఠీవిగా, "పొద్దున్నే రెండు మైళ్ళు నడవాల" అని చెప్పాను. ఆమె నా మొహం చూసి, "పొలం మూడు మైళ్ళప్పా. పొయ్యేది మూడు, వచ్చేది మూడు. ఇంగా రెండంటే యాడికి నడవల్ల?" అంది. పక్కనున్నవాళ్ళంతా నవ్వారు. రోగి పొద్దున లేచి ఏం చేస్తాడో అడక్కుండా నడక రాయకూడదని ఆ రోజు తెలిసింది. ఆ పాఠంతో నాకు బుద్ధి వచ్చేసిందనుకున్నాను.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను.

నరసింహాచార్లు

ఊళ్ళో రాములవారి గుడిలో అర్చకుడు నరసింహాచార్లు. అహోబిలం నుంచి వచ్చిన కుటుంబం. యాభై రెండేళ్ళుంటాయి. గుడి పక్కనే ఇల్లు, ఇంటికీ గర్భగుడికీ ఇరవై అడుగులు. పొద్దున పొంగలి, మధ్యాహ్నం దద్ధోజనం, పండుగ రోజుల్లో చక్కెర పొంగలి. నైవేద్యం పెట్టినాయన ప్రసాదం వద్దనడానికి లేదు. భార్య అలమేలమ్మ పెట్టే తిండి సరేసరి. గొట్టం ఇటుక రంగు వచ్చింది.

నేను వాళ్ళింటికి మొదటిసారి పోయినప్పుడు అరుగు మెట్టు దగ్గరే ఆగాను. ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. మా నాయన నంద్యాల దగ్గర పల్లెలో పంతులు, మాది క్రైస్తవ కుటుంబం. ఆయన నాకు చిన్నప్పటి నుంచి నూరిపోసింది ఒకటి ఉంది. "ఎవరింటికన్నా పోతే వాళ్ళు ఆగమనేదాకా ఉండొద్దురా. అంతకు ముందే ఆగు. అప్పుడు నిన్ను ఆగమన్నోడు ఉండడు." ఆయన పడ్డ అవమానాలు ఆయనను అట్లా తయారుచేశాయి. నేను మెడలో స్టెతస్కోపు వేసుకున్న డాక్టరునయ్యాక కూడా ఆ మాట నాలోనే ఉండిపోయింది. మడి కట్టుకున్న అర్చకుడి ముందు మూడు గజాల దూరంలో నిలబడడం నాకు మర్యాద అనిపించింది. నిజం చెప్పాలంటే భయం. వద్దనిపించుకోవడం భయం.

కాబట్టి ఆయన అరుగు మీద, నేను మెట్టు కింద. నాడి చూడలేదు, పొట్ట నొక్కలేదు. మూత్రం సీసాలో వచ్చేది, గొట్టం రంగు చెప్పేది, నేను మందు చెప్పేవాణ్ణి.

"స్వామి ప్రసాదం వద్దనమంటావా నాయనా?" అన్నాడాయన.

"వద్దనొద్దు స్వామీ. వేలితో తీసుకొని కళ్ళకద్దుకొని నోట్లో వేసుకోండి. మిగతాది వచ్చినవాళ్ళకు పంచండి."

"ఇంట్లో ఏం తినల్ల?"

"కొర్రన్నం, ఆకుకూరలు, మజ్జిగ. రాత్రికి ఒక జొన్నరొట్టె."

"అంటే ఈ వయసులో నన్ను కాపోణ్ణి చేస్తాండావు" అని నవ్వాడు. లోపలి నుంచి అలమేలమ్మ, "ఆయప్ప చెప్పినట్ల చేయండి. నేను వండతా" అంది.

పొడి సంగతి కూడా చెప్పాను. ఊరికి రెండు మైళ్ళ దూరంలో ఓబులరెడ్డి అనే రైతు మోటబావి ఉంది. పొట్లాలు ఆయన దగ్గర పెట్టాను. ఆచార్లు పొద్దుటి పూజ ముగించుకుని నడిచిపోవాలి, ఓబులరెడ్డి ఎదుట బావినీళ్ళతో పొడి వేసుకోవాలి, తిరిగి రావాలి. పెద్దాయన పద్ధతే, అక్షరం తేడా లేకుండా.

ఆచార్లు ఒక్కరోజు తప్పలేదు. ఆయనకు నియమం కొత్తది కాదు కదా. ముప్పై ఏళ్ళుగా ఒకే వేళకు లేచే మనిషి. నెలన్నరకు గొట్టం పసుపుకు వచ్చింది, మూడు నెలలకు ఆకుపచ్చకు, అయిదో నెలలో ఒక రోజు కాచి చూస్తే నీలంగానే ఉంది. నేను ఆ గొట్టం పట్టుకుని ఆస్పత్రిలో అందరికీ చూపించాను. పెద్దాయనకు నాలుగు పేజీల జాబు రాశాను. నేనంత సంతోషపడిన రోజులు ఉద్యోగంలో తక్కువ.

ఆయన వట్టి కాళ్ళతో నడిచేవాడు. ఆ దారి నాకు తెలుసు. బండ్ల బాట, అటూ ఇటూ తుమ్మచెట్లు. ఆయన తోలు చెప్పులు వేయడు, పావుకోళ్ళతో రెండు మైళ్ళు నడవలేడు. ఊళ్ళో సగం మంది వట్టి కాళ్ళతోనే నడిచేవాళ్ళు కాబట్టి నాకు అది కనబడి కూడా కనబడలేదు.

ప్రసాదం మీద నెట్టాను

యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం. ఆచార్ల గొట్టం మళ్ళీ పసుపైంది. వారానికి నారింజ. నేను మెట్టు కింద నిలబడి గట్టిగానే అడిగాను.

"స్వామీ, పొంగలి వేలితోనే తీసుకుంటాండారా, గిన్నెతో తీసుకుంటాండారా?"

ఆయన తల వంచుకున్నాడు. దొరికిపోయాడనుకున్నాను. మరుసటి రోజు నుంచి ఆయన ఆ వేలెడు ప్రసాదం కూడా మానేశాడని, రాత్రి రొట్టె కూడా సగం చేశాడని తర్వాత తెలిసింది. అయినా గొట్టం ఇటుక రంగుకు దిగింది. నేను ఇంకా ఆయన నాలుక మీదే అనుమానపడుతున్నాను. ఒంట్లో ఎక్కడన్నా చీము పడితే చక్కెర ఎగదన్నుతుందని చదివినవాణ్ణే. పుస్తకంలో చదివింది మెట్టు కింద గుర్తు రాలేదు.

ఒక మధ్యాహ్నం ఎండలో అలమేలమ్మ ఒక్కతే ఆస్పత్రికి నడిచి వచ్చింది. ఆమె అట్లా ఎప్పుడూ రాలేదు.

"కాలు వాసనొస్తాంది నాయనా. ఆయన లేదంటాండాడు. అలికిన నేల మీద మరకలు పడతాండాయి. ఆయన చూసుకోడు, నన్ను చూడనీడు. నువ్వు రా."

పోయాను. ఈసారి మెట్టు దగ్గర ఆగలేదు. ఆచార్లు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమకాలు పంచె కింద దాచుకున్నాడు. నేను నేల మీద కూర్చుని కాలు చేతిలోకి తీసుకున్నాను. ఆయన అడ్డు చెప్పలేదు. రెండో వేలి కింద అరంగుళం లోతు పుండు. లోపల తుమ్మముల్లు విరిగి ఉంది. వేలు నల్లబడింది. సూదితో గుచ్చాను. ఆయన కళ్ళల్లో కదలిక లేదు. పాదం పైకి గుచ్చుకుంటూ పోయాను. చీలమండ దగ్గర గానీ ఆయనకు తెలియలేదు.

"ఎన్నాళ్ళనుంచి ఇట్ల తిమ్మిరిగా ఉంది స్వామీ?"

"ఏడాది దాటింటాది. కాళ్ళకు గుడ్డ చుట్టినట్ల ఉంటాది. నొప్పి లేదు గదా, చెప్పేదేముంది?"

"పుండు?"

"నెల."

"నాకెందుకు చెప్పలేదు?"

"రసి కారేవాడు గర్భగుడిలోకి పోగూడదు. చెప్తే పోగూడదు. చెప్పకపోతే మానిపోతాదని."

ముల్లు తీశాను. ఏడాది నుంచి మొద్దుబారిన కాళ్ళను, ఒక్కసారి కూడా చూడకుండా, ముళ్ళబాట మీద రోజుకు నాలుగు మైళ్ళు నడిపించాను. పైగా ప్రసాదం తిన్నావని నిందించాను.

కొయ్యమన్న మనిషి

నంద్యాలకు మనిషిని పంపాను. పెద్దాయన ఎక్కడ సంపాదించాడో, సూదిమందు బుడ్లు తడి ఇసుక కుండలో పెట్టి బస్సులో పంపాడు. సల్ఫా మాత్రలు, పుండు మీద చల్లే సల్ఫా పొడి పంపాడు. కొత్తగా వచ్చిన పెన్సిలిన్ పేరు విన్నాం గానీ మాదాకా రాలేదు. కుండతో పాటు రెండు ముక్కల చీటీ. "వేలు కొయ్యి. ఆలోచిస్తే కాలు కొయ్యాల్సి వస్తుంది."

ఆలోచించాను. అదే చెప్పబోతున్నాను. అయిదు రోజులు ఆలోచించాను.

ఎందుకంటే ఆచార్లు నన్ను ఒకటే కోరాడు. "పుండు మానితే మళ్ళ లోపలికి పోవచ్చు నాయనా. వేలు కోస్తే ఇంగ పోలేను. అంగం లేనోడు స్వామిని ముట్టగూడదు. అది నాకు నేను పెట్టుకున్నది కాదు, మా తాతలనాటిది. ముప్పై ఏండ్లుగా ఆ విగ్రహానికి నీళ్ళు పోసింది ఈ చేతులే. కొంచెం చూడు."

నేను చూశాను. పొద్దున సూది, సాయంత్రం సూది, కట్లు మార్చడం. గొట్టం ఇటుక నుంచి పసుపుకు వచ్చింది గానీ నలుపు ఆగలేదు. వేలు మొదలు దాటి పాదం మీదికి ఎర్రగా గీత పాకింది. జ్వరం. అయిదో రోజు పొద్దున ఆ గీత ఇంకో అంగుళం పైకి పోయింది. ఇంక ఆగితే పాదం, తర్వాత మనిషి. అది తెలిసి కూడా మళ్ళీ కట్టే కట్టాను. ఎట్లా చెబుతాను? ఆ వేలు తీసే మాట నేను చెప్పాలి, ఆ వేలికి ఆ గతి పట్టించింది నేనే.

అలమేలమ్మ గుమ్మంలో నిలబడి నా మొహం చూసింది. చూసి భర్త వైపు తిరిగింది.

"గుడికి ఇంగొక అయ్యవారు వస్తాడు. మీ తమ్ముని కొడుకు అహోబిలంలో ఉండాడు, రమ్మంటే వస్తాడు. నాకు ఇంగొక మనిషి యాడినుంచి వస్తాడు?" తర్వాత నాతో అంది. "ఏందప్పా చూస్తాండావు? కొయ్యి."

ఆచార్లు "ఒకపారి లోపలికి పొయ్యొస్తా" అనలేదు. ఆ స్థితిలో పోకూడదని ఆయనకు తెలుసు. మంచం మీద నుంచి గుడి గోపురం వైపు చేతులు జోడించి, "కానీ" అన్నాడు.

ఆస్పత్రి బల్ల మీద వేలు తీశాను. మొద్దుబారడానికి మందు సిద్ధం చేసుకున్నాను గానీ పెద్దగా అవసరం రాలేదు. ఆయన కూర్చుని చూస్తూనే ఉన్నాడు. కట్టు కడుతుంటే, "అయిపాయనా?" అన్నాడు. ఎంతోమంది నొప్పితో కేకలు పెడుతుంటే విన్నాను. ఆ ఒక్క మాటకు ఏడ్చినట్టు ఏ కేకకూ ఏడవలేదు.

తర్వాత

నలభై రోజులకు మానింది. పాదం దక్కింది. మనిషి దక్కాడు. సూదిమందు మెల్లగా తగ్గించి ఆపేశాను. తమ్ముడి కొడుకు అహోబిలం నుంచి వచ్చి అర్చన చేపట్టాడు. ఆచార్లు బయట మండపంలో కూర్చుని పంచాంగం చెప్పేవాడు, పూజలో మంత్రం తప్పితే అక్కడినుంచే దిద్దేవాడు. గర్భగుడి గడప దాటలేదు.

మళ్ళీ నడవాలి కదా. మా పేటలో యేసేపు అని చెప్పులు కుట్టే ఆయన ఉన్నాడు. పాత బస్సు టైరు కోసి, పైన కాన్వాసు గుడ్డ పట్టీలు వేసి, తోలు ముక్క అన్నది లేకుండా ఒక జత కుట్టమన్నాను. కొలత కోసం యేసేపు కాగితం మీద పాదం పెట్టమంటే ఆచార్లు పెట్టాడు. చెప్పులు తెచ్చాక నేను బెదురుతూ, "వేసుకుంటారా స్వామీ?" అన్నాను.

"లోపలికి పొయ్యే పని లేదు గదా. వేసుకుంటా" అన్నాడు.

ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ చెప్పులు విసిరికొట్టాలనిపించింది.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. చక్కెర రోగి ఎవరొచ్చినా ముందు బల్ల మీద కూర్చోబెట్టి, నేను నేల మీద కూర్చుని, కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు చూసి, సూదితో గుచ్చి చూశాకే నడక చెప్పేవాణ్ణి. కాళ్ళు మొద్దుబారినవాళ్ళకు చెప్పులు లేకుండా అడుగు వేయొద్దనేవాణ్ణి. పొట్లాలు ఇంటికే పంపి, కూర్చుని చేసే కసరత్తు చెప్పేవాణ్ణి. కొందరు పెద్దకులాలవాళ్ళు కాలు ముట్టనివ్వలేదు. వాళ్ళకు పొడి ఇవ్వలేదు. కొందరు, ఈయన డాక్టరు కాదు, కాళ్ళు కడిగే పాస్టరు అని వెక్కిరించారు. పడ్డాను. ఎవరో వద్దంటారని ముందే ఆగిపోవడం మాత్రం ఆ బల్ల దగ్గరే మానేశాను. మా నాయన మాట ఇంటి గడపలకు సరిపోతుందేమో, రోగి మంచానికి సరిపోదు. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇదే. మీరు ఎవరి ముందు మరీ మర్యాదగా ఉంటున్నారో వాళ్ళనే ఇంకోసారి చూడండి. మర్యాద చూపినచోట మనం సగం పరీక్ష వదిలేస్తాం.

రెండేళ్ళకు నన్ను నందికొట్కూరుకు మార్చారు. బస్సు ఎక్కడానికి వచ్చాను. ఆచార్లు టైరు చెప్పులతో నడుచుకుంటూ వచ్చి, బస్సు పక్కన నా ట్రంకుపెట్టె మీద కూర్చున్నాడు. అంతవరకూ అడగలేని మాట ఆ రోజు అడిగేశాను.

"స్వామీ, నన్ను క్షమించినారా?"

"దేనికి?"

"మిమ్మల్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే మీకు మైల అని మెట్టు కిందే ఉండిపోయినాను."

"ముట్టుకోవద్దని నేనెప్పుడన్నా అంటినా?"

"లేదు స్వామీ. అంటారేమోనని..."

"అంటాంటినేమో. నాకూ తెలీదు. నువ్వు ఆడ నిలబడితివి, నాకూ అదే మేలనిపించె. దగ్గరికి రమ్మని నేనూ పిలవకపోతి." ఆయన తన ఎడమ పాదం వైపు చూసుకున్నాడు. "అయినా నువ్వు ముట్టుకొనింటే ఏమయితాండె నాయనా? నేను లోపలికి పొయ్యేముందు నెత్తిన రెండు చెంబులు పోసుకొనేవాణ్ణి. అంతే గదా. మా పెరట్ల బావి నిండా నీళ్ళుండె గదప్పా."